ఒప్పుకోలు

సోమవారం పొద్దున బీడీల గంపతో కార్ఖానాకు బయలుదేరిన లచ్చవ్వ, పెద్దమ్మ ఇల్లున్న గల్లీలోకి తిరగగానే ఆగిపోయింది. తాళం వేసి ఉన్న తలుపు మీద తెల్ల కాగితం ఒకటి అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. కింది అంచు నుంచి చెక్క మీదికి సన్నగా కారుతోంది.

ఆమెకు చదవడం వచ్చు గాని అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. గంపను చంకకు మార్చుకుని, పెదవులు కదుపుతూ చదివింది. గోడ శిథిలమై ప్రమాదకరంగా ఉంది. యజమాని ఏడు రోజుల్లో దాన్ని తీసివేయాలి, లేదా బాగు చేయించుకోవాలి. ప్రాణనష్టం జరిగితే యజమానిదే బాధ్యత. పైన యజమానిగా పెద్దమ్మ పేరే రాశారు: కొండవ్వ.

కొండవ్వ చనిపోయి రెండేళ్లు దాటింది.

'ప్రాణనష్టం' అన్న మాట దగ్గరికి లచ్చవ్వ మళ్లీ వెళ్లింది. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. గల్లీకి అవతల, నాలుగు అంగల దూరంలో అంగన్‌వాడి. గడప ముందు అరచేతంత చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లోపల పిల్లలు ఏదో పాట అరుస్తున్నారు.

గోడ ఎదురుగా నిలబడి చూస్తే నిటారుగానే ఉంది. పక్కకు జరిగి చూస్తేనే తెలుస్తోంది, మధ్యలో గల్లీ వైపు పొట్ట పెట్టింది. పైన పెంకులు జారిపోయి, రెండు వానాకాలాల నీళ్లు మట్టిగోడలోకే దిగాయి. చూరు నుంచి కింది దాకా వంకరగా పగులు. లచ్చవ్వ అందులో చూపుడువేలు పెట్టి చూసింది. రెండో కణుపు దాకా పోయింది. లోపల మట్టి చల్లగా, మెత్తగా తగిలింది. నిద్రపోతున్న జంతువును ముట్టుకున్నట్టు వేలు చటుక్కున లాక్కుంది.

అంగన్‌వాడి టీచరు రోజారాణి బయటికి వచ్చింది. "పొద్దుగాల్నే మున్సిపాలిటోళ్లు వచ్చి అంటించి పోయిన్రు అక్కా. ఇల్లు నీదే గదా? జర ఏమన్న చెయ్యరాదు? పిల్లలు గీ గోడ పొంటే వస్తరు, పోతరు."

"నాదే గని నా చేతుల లేదు టీచరమ్మా. కాయితం, తాళంచెవి రెండూ సేటు దగ్గరనే ఉన్నయి."

"మరి సేటుకు చెప్పు."

లచ్చవ్వ తల ఊపింది. చెప్పాలి. గంప సర్దుకుని కార్ఖానా దారి పట్టింది.

సేటు అని అందరూ పిలిచే రాజమల్లయ్య బీడీ కంపెనీ తరఫున ఇళ్లకు పని పంచే టేకేదారు. రేకుల షెడ్డులో చెక్కపీట మీద కూర్చుని, వరుసలో వచ్చిన ఆడవాళ్ల గంపల్లోంచి బీడీ కట్టలు తీసి పరీక్ష చేస్తాడు. కట్టను చెవి దగ్గర పెట్టి వేళ్లతో నొక్కుతాడు. వదులుగా ఉన్నదాన్ని తుంచి రేకు డబ్బాలో పడేస్తాడు. ఆయన ఆకు, తంబాకు తూచి ఇస్తేనే ఆ వాడలో నలభై ఇళ్లకు పని. ఎవరి పీఎఫ్ కాగితం నింపాలన్నా, ఎవరి పింఛను దరఖాస్తు రాయాలన్నా ఆయనే. అందుకే కొండవ్వ వీలునామాలో ఇల్లు చెల్లెలి బిడ్డ లచ్చవ్వకు రాసి, రాసింది రాసినట్టు జరిపించే భారం మాత్రం ఆయన మీద పెట్టింది.

ఆమె వంతు వచ్చింది. రాజమల్లయ్య కట్ట అందుకున్నాడు.

"ఏం లచ్చవ్వా, చెయ్యి వణుకుతుందా? మూతులు సక్కగ మలుస్తలేవు."

"సేటు, పెద్దమ్మ ఇంటికి కాయితం అంటించిన్రు."

ఆయన వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తల ఎత్తలేదు. "చూద్దాం. వానలు పోనీ."

"ఏడు రోజులే గడువంట..."

ఆయన ఒక బీడీ తుంచాడు. ఇంకొకటి తుంచాడు. మూడోది కూడా తుంచాడు. మూడోదానిలో ఏ లోపమూ లేదని లచ్చవ్వకు తెలుసు, దాన్ని చుట్టిన వేళ్లకు తెలుసు.  ఉగాది ముందు ఇంటి సంగతి అడిగినప్పుడూ ఇట్లాగే అయింది. ఆ వారమంతా ఆమె గంపలో సగం బీడీలు రేకు డబ్బాలోకే పోయాయి. ఆయన తూచిన ఆకు తీసుకుని ఆమె ఇంటికి వచ్చింది.

"నువ్విట్లనే భయపడుకుంట కూసో," అంది కూతురు దీక్షిత. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న పిల్ల. పుస్తకం మధ్యలోంచి నాలుగు కాగితాలు తీసి అమ్మ ముందు పెట్టింది. "నీకు చెప్పకుండ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయిన. కొండవ్వ చచ్చిపోయిన సర్టిఫికెట్ చూపిస్తే వీలునామా నకలు ఇచ్చిన్రు. సేటు దగ్గరున్నదే కాయితం కాదు. రేపు కోర్టు కాడికి పోదాం. ఆడోళ్లకు ఊకెనే వకీలును పెడతరంట."

"కోర్టా?" లచ్చవ్వ చేతిలో కత్తెర ఆగింది. "సేటుకు తెలిస్తే?"

"తెల్వాలనే గదా పోయేది."

లచ్చవ్వ మళ్లీ పని అందుకుంది. తడిగుడ్డలో చుట్టిన తునికాకు విప్పి, రేకు అచ్చు పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. భర్త పోయిన ఏడేళ్ల నుంచి కిరాయి గదిలో ఈ బీడీల చాట ముందు కూర్చుని పిల్లను ఇంతదాన్ని చేసింది. ఆకు ఇవ్వనంటే? పక్కవాడ టేకేదారు తీసుకోడు, వాళ్లంతా ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ రోజు ఆమె చుట్టిన బీడీలు నిజంగానే వదులుగా వచ్చాయి. విప్పి మళ్లీ చుట్టింది.

మంగళవారం కోర్టు ఆవరణలో, న్యాయ సేవ వాళ్ల గదిలో సంహిత అనే వకీలు వాళ్లను కూర్చోబెట్టింది. దీక్షిత కంటే అయిదారేళ్లు పెద్దదేమో. వీలునామా నకలు రెండుసార్లు చదివి, కొన్ని మాటల కింద పెన్సిల్‌తో గీత గీసింది.

"అమ్మా, మీ పెద్దమ్మ ఇల్లు మీకు రాసింది నిజమే. గని రాజమల్లయ్యగారిని అమలు చేసే మనిషిగ పెట్టింది. ఆయన 'ఇచ్చిన' అని ఒప్పుకుంటేనే ఇల్లు పూర్తిగ మీదైతది."

"ఆయన ఇయ్యకపోతే?"

"ముందు నోటీసు పంపుదాం. పలకకపోతే కోర్టే పిలిచి అడుగుతది, ఈ బాధ్యత మోస్తవా, వదులుకుంటవా అని. వదులుకుంటే మీరే ఆ పని జేసేటట్టు కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవచ్చు. మోస్తనని చెప్పి మళ్ల గిట్లనే కూసుంటే, ఆయనను తీసేయమని పై కోర్టుకు పోవచ్చు. అది జర లేటైతది." సంహిత కాగితం తిప్పింది. "ఇంకొకటి. ఇల్లు ఆయన చేతుల ఉన్నప్పుడు పట్టించుకోక ఖరాబైతే, ఆ నష్టం ఆయనే పూడ్చాలె. గోడ ఎప్పటి నుంచి గిట్లున్నది?"

"పెద్దమ్మ పోయినప్పుడు సున్నం గూడ రాలలేదు మేడం."

"ఫోటోలు తీయండి. తీయకుండ గోడ ముట్టుకోవద్దు."

దీక్షిత అన్నీ రాసుకుంటోంది. లచ్చవ్వ మాత్రం తలుపు వైపు చూస్తోంది, ఎవరైనా తెలిసినవాళ్లు తనను ఇక్కడ చూస్తున్నారేమోనని.

"ఆయన ఒప్పుకునుడంటే స్టాంపు కాయితం మీదనా మేడం?" అని దీక్షిత అడిగింది.

"అవసరం లేదు. నోటితో చెప్పినా చెల్లుతది. పదిమంది ఇంటే ఇంకా మంచిది."

సంహిత గంటలో నోటీసు తయారు చేసి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించింది. లచ్చవ్వ పెన్ను పట్టుకుంది. కాగితం మీద 'రాజమల్లయ్య' అన్న పేరు తన పేరు కింద, ఒక మామూలు మనిషి పేరు లాగా కనిపించింది. పెన్ను కింద పెట్టింది.

"రెండు రోజులు ఆగుత మేడం."

దీక్షిత దారి పొడవునా అమ్మకు నాలుగడుగులు ముందే నడిచింది.

బుధవారం తెల్లారకముందే వాన పట్టుకుంది. సన్నగా కాదు, రేకుల మీద కంకర పోసినట్టు. లచ్చవ్వ చాట ముందు కూర్చుంది గాని దారం చేతికి చిక్కలేదు. పెంకులు లేని చోటు నుంచి నీళ్లు ఎక్కడికి దిగుతున్నాయో ఆమెకు కనిపిస్తూనే ఉంది. పది గంటలకు వాన కొంచెం తెరిపిచ్చాక నెత్తిన యూరియా సంచి కప్పుకుని గల్లీకి పోయింది.

పగులులోకి ఇప్పుడు నాలుగు వేళ్లు పోతాయి. పెట్టి చూడలేదు. గోడ మొదట్లో కుప్పగా మట్టి రాలి ఉంది, ఎలుక తవ్వినట్టు. ఆమె చూస్తుండగానే పైన ఒక పెంకు జారి, గల్లీ మధ్యలో పడి ముక్కలైంది.

ఎదురుగా అంగన్‌వాడి తలుపు తెరిచే ఉంది.

"ఇంటికి పంపియ్యి టీచరమ్మా! పంపియ్యి!" లచ్చవ్వ అరిచింది.

"వాళ్ల అవ్వలు కూలికి పోయిన్రు అక్కా. ఎవలింటికి పంపాలె?" రోజారాణి గొంతులో ఏడుపు ఉంది. "ఇంక వేరే జాగ లేదు మాకు."

ఇద్దరూ కలిసి పద్నాలుగు మంది పిల్లలను గోడకు దూరంగా, ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేట్టు చేసి, గల్లీ చివర ఉన్న చాయ్ హోటల్ వెనక గదిలోకి దాటించారు. చివరి పిల్ల చెప్పు మరిచిపోయానని వెనక్కి పరుగెత్తబోయింది. లచ్చవ్వ దాన్ని నడుము పట్టి ఎత్తుకుని పరుగు తీసింది. దింపాక కూడా ఆమె చేతులు ఆ పిల్ల ఫ్రాకును వదలలేదు.

గురువారం రాజమల్లయ్య తనే కబురు పంపాడు. గంప తీసుకుని రమ్మన్నాడు.

కార్ఖానాలో ఆయన ఆ రోజు బీడీలు చూడటం లేదు. వరుసలో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. పీట ముందు ఒక తెల్లకాగితం, దాని మీద పెన్ను.

"రా లచ్చవ్వా. మున్సిపాలిటోళ్లు నాకు ఫోన్ మీద ఫోన్ జేస్తున్నరు. ఎందుకొచ్చిన లొల్లి? నీ ఇల్లు నువ్వు తీస్కో. గిక్కడ సంతకం పెట్టు, తాళంచెవి ఇస్త, ఆకు తీస్కొని పో."

రెండేళ్లుగా అడుగుతున్న మాట అంత తేలిగ్గా వచ్చేసరికి ఆమె గంప కింద పెట్టింది. పెన్ను తీసుకుంది. సంతకం పెట్టాల్సిన చోటుకు చెయ్యి పోయింది. అయినా అలవాటు కొద్దీ పెదవులు కదిలాయి.

'ఇల్లు మంచి స్థితిలో నాకు అప్పగించినారు. రాజమల్లయ్యగారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.'

"చదువుడెందుకే? మామూలు కాయితమే."

ఆమె చదువుతూనే ఉంది. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం. చివరి వరుసలో తేదీ. అంకెలు ఆమెకు అక్షరాల కంటే తేలిక. అది కొండవ్వ దినాలు అయిన నెల. రెండేళ్ల కిందటిది.

 ఈ కాగితం ప్రకారం ఇల్లు రెండేళ్లుగా తన చేతిలోనే ఉంది, గోడ పగులు తన కళ్ల ముందే పెరిగింది. నిన్న ఆ పిల్ల చెప్పు కోసం వెనక్కి పోయి ఉంటే, గోడ మీద పడి ఉంటే, ఆ నేరం తన మీదే.

"సేటు," అంది. వేలు తేదీ మీద పెట్టింది. "గీ తారీఖు పాతది."

"అయితేంది? అవ్వ పోయినంక నీదే గదా ఇల్లు."

"నాకు ఎప్పుడు ఇచ్చిన్రు సేటు?"

"ఏందే నువ్వు! నాతోని వాదిస్తవా?" రాజమల్లయ్య మొహం ఎర్రబడింది. జేబులోంచి తాళంచెవి తీసి పీట మీద కొట్టాడు. షెడ్డంతా ఆ చప్పుడుకు ఉలిక్కిపడింది. "ఇయ్యాల్నే ఇస్తున్న గద! ఇగో. ఇచ్చిన. మొత్తం ఇల్లు నీకే ఇచ్చిన. ఇగ సంతకం పెట్టు."

లచ్చవ్వ తాళంచెవి అందుకుంది. పెన్నును కాగితం మీద, ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టింది.

"ఇచ్చిన్రు గదా సేటు. తీసుకున్న. గంతే చాలంట."

"సంతకం లేకుంటే ఆకు లేదు."

ఆమెకు ఖాళీ గంప కనిపించింది.  వరుసలో నలభై మంది చూస్తున్నారు. తర్వాత గంప చంకన పెట్టుకుని, ఆయనకు వీపు చూపించకుండా రెండడుగులు వెనక్కి నడిచి, అప్పుడు తిరిగి, బయటికి వచ్చింది. మూలమలుపు దాకా వచ్చాక ఒక అరుగు మీద కూర్చుంది.

వెనకే పోచవ్వ వచ్చింది. వరుసలో అందరికంటే పెద్దది, నలభై ఏళ్లుగా బీడీలు చేస్తున్న మనిషి. చుట్టూ చూసి, వంగి, చెవిలో అంది:

"ఆయన ఇచ్చిన అన్నది నేను ఇన్న బిడ్డా. ఎవలన్న అడిగితే చెప్త. గని గా కార్ఖానల నన్ను పలకరియ్యకు."

అంతే, చీర చెంగు సర్దుకుంటూ గబగబా లోపలికి పోయింది.

శుక్రవారం ఎండ కాసింది. దీక్షిత గోడను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసింది, పగులు పక్కన తన చెయ్యి పెట్టి ఒకటి, తలుపు మీది కాగితంతో ఒకటి. పక్క గల్లీలో ఉండే, గోడలు కట్టే సుతారి దేవదాసు గోడ చుట్టూ తిరిగి, కర్రతో తట్టి విన్నాడు.

"నిలబడది వదినె. మనమే కూలగొట్టాలె. బయటికి పడితే అంగన్‌వాడి తలుపు పోతది. లోపటికి గుంజాలె."

గల్లీ రెండు వైపులా మంచాలు అడ్డం పెట్టారు. తాళం తీసి లచ్చవ్వ లోపలికి పోయింది. తడి మట్టి, ఎలుకల వాసన. కొండవ్వ బీడీలు చుట్టే మూలలో పైకప్పు ఊడి, వెలుతురు నేరుగా నేల మీద పడుతోంది. దేవదాసు పైకెక్కి మిగిలిన పెంకులు ఒక్కొక్కటే దింపాడు. వాసాలు విప్పాడు. గోడ పైన మోకు చుట్టి, వెనక గోడ కిటికీలోంచి పెరట్లోకి వేశాడు. బయటి వైపు నుంచి ఇద్దరు మనుషులు పొడవాటి దుంగలు ఆనించారు.

"అందరు దూరం పోన్రి!"

లచ్చవ్వ పెరట్లో మోకు పట్టుకుంది. వద్దని దేవదాసు అన్నా వదల్లేదు. మొదటిసారి గుంజినప్పుడు ఏమీ కాలేదు. రెండోసారి ఎక్కడో లోపల పళ్లు కొరికినట్టు చప్పుడైంది. గోడ ఒక్క క్షణం బయటి వైపే ఊగింది. గల్లీలో ఎవరో కేక పెట్టారు. లచ్చవ్వ కళ్లు మూసుకుని వెనక్కి పడేంతగా గుంజింది. ఆ తర్వాత నేల అదిరింది.

దుమ్ము అణిగాక చూస్తే గది నిండా మట్టిపెళ్లలు. వాటి మీదుగా గల్లీ, గల్లీకి అవతల అంగన్‌వాడి తలుపు, దాని నీలం రంగుతో సహా కనిపిస్తున్నాయి.

మంచాలకు అవతల రాజమల్లయ్య స్కూటర్ ఆపి ఉన్నాడు. దిగలేదు. లచ్చవ్వ నెత్తి మీది దుమ్ము దులుపుకుంటూ దగ్గరికి పోయేసరికి ఆయన హ్యాండిల్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉన్నాడు.

"ఎవలికి ఏం కాలేదు గదా?"

"కాలేదు సేటు."

 ఆమె ఆయన మొహాన్ని ఎప్పుడూ పీట మీద, వంగి ఉండగానే చూసింది. ఎండలో, ఇంత దగ్గరగా, అది ముసలి మొహం.

"పోయినేడు వానల్లనే పగులు చూసిన లచ్చవ్వా. చూసిన గని మళ్ల ఈ దిక్కు రాలే. వస్తే ఏదో ఒకటి చెయ్యాలె గదా. ఇటు నుంచి పోవుడే బంద్ వెట్టుకున్న. వాన పడితె నిద్ర పట్టదు నాకు." కూలిన గోడను చూడకుండా, ఆమె కాళ్ల వైపు చూస్తూ అన్నాడు. "ఇగ అయిపోయింది. రేపొచ్చి ఆకు తీస్కపో. గా కాయితం సంగతి మర్చిపో."

ఆమెకు జాలి కలిగింది. అది అబద్ధం కాదు. తనలాగే ఈయన కూడా వాన చప్పుడు వింటూ పడుకున్నాడు. అయితే ఆయన తాళంచెవి జేబులో పెట్టుకుని పడుకున్నాడు.

"వస్త సేటు," అంది. ఏది మర్చిపోతానో చెప్పలేదు.

శనివారం ఆయన ఆకు తూచాడు. తక్కువ చెయ్యలేదు, ఒక్క బీడీ కూడా తుంచలేదు, ఆమె మొహం వైపు చూడలేదు. అక్కడి నుంచి ఆకు గంపతోనే లచ్చవ్వ సంహిత దగ్గరికి పోయింది. దీక్షిత ముందే ఫోన్ చేసి చెప్పిన కొత్త సంగతులు నోటీసులో చేర్చి ఉన్నాయి: ఇల్లు ఏ రోజు అప్పగించాడు, అప్పటికి గోడ ఎట్లా ఉంది, దాన్ని తిరిగి కట్టించే బాధ్యత ఆయనదని.

"ఇది అందితే ఆయన మళ్ల పని ఆపేయచ్చు అమ్మా. ఆపితే దానికి గూడ వేరే దారి చూద్దాం గని, ముందే చెప్తున్న. భయమైతలేదా?"

"అయితుంది మేడం," అంది లచ్చవ్వ. "నిన్నటికంటే ఇయ్యాలనే ఎక్కువైతుంది. ఆయన మంచిగ మాట్లాడిండు గదా."

సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి, చివరి అక్షరం గీత దాటి కిందికి దిగింది.

పోస్టాఫీసులో కౌంటరు ముందు దీక్షిత కవరు మీద రాజమల్లయ్య చిరునామా రాసింది. లోపలి గుమాస్తా కవరు తిప్పి చూసి, వెనక్కి తోశాడు.

"పంపినోళ్ల అడ్రసు లేదు. రాసి ఇయ్యిన్రి."

దీక్షిత కిరాయి గది నంబరు రాయబోయింది. లచ్చవ్వ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుంది. వెనక వరుసలో ఎవరో తొందరపెట్టారు. కవరును కౌంటరు అంచుకు ఆనించి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అంకె దిద్దినట్టు, నిన్న మధ్యాహ్నం నుంచి వీధి వైపు గోడ లేని ఆ ఇంటి నంబరు రాసింది.